ఎవరూ పడుకోని పక్క

"పక్క చూస్తే రాత్రి దాని మీద ఎవరూ పడుకోలేదనిపించాలి." పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడు పొద్దున మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని ఇది. నేను వేసిన దుప్పటిని లాగేసి, మళ్ళీ పరిచి, అంచులు పరుపు కిందికి దోపి, తలగడని రెండు పక్కలా తట్టి మరీ చూపించారు. ఇరవై ఆరేళ్ళుగా అలాగే వేస్తున్నాను. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆ గదిలో మేమిద్దరం ఉన్న ఆనవాలు ఉండదు. దువ్వెనలో వెంట్రుక ఉండదు, సింకులో తడి ఉండదు. ఆఫీసులోనూ నా పని అలాంటిదే. మీటింగుకి ఎవరెవరు వచ్చారో, ఎవరేం మాట్లాడారో రాసి టైపు చేసేది నేను. వచ్చినవాళ్ళ పేర్లలో నా పేరు ఉండదు. ఒకసారి నా పేరు కూడా చివర రాస్తే మేనేజరు నవ్వి, "నువ్వు మీటింగుకి వచ్చావా, మీటింగు రాయడానికి వచ్చావా?" అన్నాడు. కొట్టేసి మళ్ళీ టైపు చేసి, అందరూ తాగి వదిలేసిన కప్పులు తీసుకుని బయటికొచ్చాను.

కోట సంగతి నాకు పళ్ళ డాక్టరు దగ్గర పాత వారపత్రికలో దొరికింది. కొండ మీద రాతికోట, పదకొండు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉందట. ఖాళీ గదులు ఇప్పుడు రాత్రి బసకి ఇస్తున్నారు. వెనక మెట్లుమెట్లుగా దిగే పూలతోట. నన్ను పట్టుకున్నది మాత్రం వాళ్ళ ఆచారం. ఆ ఇంటి కప్పు కింద రాత్రి నిద్రపోయినవాళ్ళు మర్నాడు పొద్దున తోటలో ఒక లిల్లీ గడ్డ నాటాలి. పక్కన మట్టిపలక మీద తమ పేరు తమ చేత్తోనే రాసి గుచ్చాలి. వందేళ్ళ కిందటి పలకలు కూడా ఇంకా ఉన్నాయని రాశారు. ఆ పేజీ చింపి పర్సులో పెట్టుకున్నాను. మా ఇంటి నేమ్‌ప్లేటు మీద ఆయన పేరు, కరెంటు బిల్లు మీద మామగారి పేరు, పెళ్ళి పిలుపుల మీద ఆయన పేరూ, పక్కన 'దంపతులు' అన్న మాటా ఉంటాయి. నా పేరు నేనే రాసి ఒక్కచోట నేలలో గుచ్చాలనిపించింది. అంతకంటే ఏమీ అనుకోలేదు.

రెండేళ్ళు అడిగాను. "పాత గోడలు చూడ్డానికి అంత దూరం దేనికే? మన మేడ మీద గోడ కూడా పెచ్చులూడుతోంది, కుర్చీ వేసుకుని చూడు" అనేవారాయన. తర్వాత ఆయన పై అధికారి పెళ్ళాంతో వెళ్ళొచ్చి ఫొటోలు పెట్టాడు. వారం తిరక్కుండా మాకూ గదులు దొరికాయి. "అమ్మ ఒక్కతే ఇంట్లో ఏముంటుంది? అక్క కూడా వస్తానంటోంది" అన్నారు. మేమిద్దరం అనుకున్నది నలుగురమయ్యాం. అయినా నా సంతోషం తగ్గలేదు.

కోటని చూపించింది ఆ ఇంటావిడే. నా వయసే ఉంటుంది. మట్టి బూట్లతోనే వచ్చి, పెద్ద హాలు, ఆయుధాల గది, ముత్తాతల బొమ్మలు అన్నీ తిప్పి చూపించింది. వంటగదిలో గోడ నిండా చిన్నచిన్న గంటలు, ఒక్కో గంట కింద ఒక్కో గది పేరు. ఏ గదిలో తాడు లాగితే ఆ గంట మోగేదట, పనివాళ్ళు పరిగెత్తేవారట. "మా ఇంట్లో ఇన్ని గంటలు అక్కర్లేదండీ. నోరు ఒకటి చాలు" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాకు ఇచ్చినవి రెండు పెద్ద గదులు. ఒకదాంట్లో రెండు మంచాలు, అత్తయ్యకీ వదినకీ. రెండోదాంట్లో ఉన్న పెద్ద పరుపు మీద ఆయన అడ్డంగా పడుకుని, "ఇది మెత్తగా ఉంది, నువ్వు కదిల్తే నాకు నిద్ర పట్టదు. పక్కన ఏదో చిన్న గది ఉందిగా, అక్కడ పడుకోకూడదూ?" అన్నారు. అది ఒకప్పుడు దొరసాని పనిమనిషి పడుకునే గది. ఇరుకు మంచం, నీళ్ళ గిన్నె, తోటవైపు ఒక కిటికీ. నా బట్టలు ఆయన పెట్టెలోనే ఒక మూల ఉన్నాయి, ఈ గదికి తెచ్చుకోవడానికి నాకంటూ వేరే పెట్టె లేదు. తలుపు వేసుకున్నాను. పెళ్ళయ్యాక ఒక గదిలో ఒక్కదాన్నే పడుకోవడం అదే మొదలు. మంచం మధ్యలో పడుకున్నాను. ఒత్తిగిలాలంటే ఎవరి నిద్ర చెడుతుందోనని చూసుకోనక్కర్లేదు. అంత హాయి నిద్ర ఎప్పుడు పోయానో గుర్తు లేదు.

ఆరింటికి మెలకువ వచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. దుప్పటి లాగి, అంచులు దోపి, తలగడ తట్టాను. గిన్నె తుడిచి బోర్లించాను. తువ్వాలు ఎలా ఉందో అలా మడిచి పెట్టాను. కిటికీ మూశాను. అత్తయ్యకి మోకాళ్ళకి మందు రాసే వేళయిందని ఆవిడ గదికి వెళ్ళిపోయాను.

ఎనిమిదింటికి తోటలో నిలబడ్డాం. ఇంటావిడ బుట్టలోంచి తడిగుడ్డ విప్పింది. మూడు గడ్డలు, మూడు పలకలు. అత్తయ్య వంగలేరు కాబట్టి ఆవిడ గొయ్యి నేను తవ్వాను. వదినకి గోళ్ళరంగు పోతుంది కాబట్టి అదీ నేనే తవ్వాను. ఆయనకి మట్టి అంటడం ఇష్టం ఉండదు. మూడో గడ్డ కూడా నా చేత్తోనే నాటి, మట్టి కప్పి, నీళ్ళు పోసి బుట్టకేసి చూశాను. ఖాళీ.

"నాది?" అన్నాను.

ఇంటావిడ చీటీ తీసి చూసుకుంది. "మూడు పక్కలేనమ్మా. గదులు ఎంతమంది అడిగినా, పొద్దున పక్కలు చూసే గడ్డలు తీస్తాం. పగలు వచ్చి చూసినవాళ్ళందరూ రాత్రి ఉండిపోతారని లేదు కదా." అని గదులు చూసే పెద్దావిడని కేకేసింది. ఆ పెద్దావిడ పరుగున వచ్చి నన్ను కింద నుంచి పై దాకా చూసింది.

"చిన్న గదా? అందులో ఎవరూ పడుకోలేదమ్మా. నేనే వెళ్ళి చూశాను. పెట్టె లేదు, దుప్పటి నలగలేదు, తువ్వాలు మడత విప్పలేదు. పక్క చూస్తే మనిషి పడుకున్నట్టే లేదు."

వదిన పకపకా నవ్వింది. "మా మరదలి పని అలాగే ఉంటుందండీ."

"నేనే నేర్పాను" అన్నారు అత్తయ్య. ఆ గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. గర్వం ఉంది. అక్కడే నాకు లోపల ఏదో తెగిపోయింది. తిట్టినా తట్టుకునేదాన్ని.

ఆయన అప్పటికే తన పలక మీద పేరు రాసి, చివర 'కుటుంబం' అని చేర్చారు. "పోన్లేవే, ఇందులో నువ్వు కూడా వచ్చావుగా. దీనికి మొహం అలా పెట్టుకుంటావేంటి?" అన్నారు. నేను మట్టి చేతులు చూసుకుంటూ నిలబడ్డాను. ఆ కుటుంబం అన్న మాటలో నేను ఏ అక్షరం దగ్గర ఉన్నానో వెతుక్కున్నాను.

ఇంటావిడ చాలా నొచ్చుకుంది. "పొరపాటు మాదే. ఇంకో గడ్డ తెప్పిస్తాను, ఒక్క నిమిషం" అంది.

"వద్దండీ" అన్నాను. "ఆవిడ సరిగ్గానే చూశారు. నేను పడుకున్నట్టు లేకుండా చేసింది నేనే. ఆ చిన్న గది ఈ రాత్రికి ఖాళీయేనా?"

"ఖాళీయే."

"అయితే నేను ఉంటాను. రేపు పొద్దున పక్క చూసి గడ్డ ఇవ్వండి."

"ఏంటిది, చిన్నపిల్లలా" అన్నారాయన. "ఇస్తానంటున్నారుగా, నాటేసి రా. పదింటికి బయల్దేరాలి. రేపు అమ్మకి కాఫీ ఎవరు పెడతారు? మందు ఎవరు రాస్తారు?"

"రాత్రి నీకు నిద్ర సరిగ్గా పట్టలేదేమో అమ్మాయ్, కార్లో పడుకుందువుగాని రా" అన్నారు అత్తయ్య.

"బాగా పట్టింది అత్తయ్యా. అదే చెప్పాలనుకుంటున్నాను" అన్నాను. "మీరు వెళ్ళండి. నేను రేపు బస్సులో వస్తాను."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. నేను నవ్వేస్తానేమోనని ఆగినట్టున్నారు. తర్వాత పెట్టె తీసుకుని కారు దగ్గరికి నడిచారు. అందులో నా బట్టలున్నాయని ఆయనకి గుర్తు రాలేదు. కారు గేటు దాటాక గానీ నాకూ గుర్తు రాలేదు. పెట్టెలో నేనెంత చోటు తీసుకున్నానో ఆయనకి ఏం తెలుసు? నన్ను అంత చిన్నగా మడిచి పెట్టింది నేనే కదా.

ఆ పగలంతా తోటలో పలకలు చదువుతూ తిరిగాను. అరిగిపోయిన అక్షరాలు, వంకర అక్షరాలు, ఎవరెవరి పేర్లో. ముందు రోజు అంత నిద్ర ఇచ్చిన మంచమే ఆ రాత్రి ఏడిపించింది. వాళ్ళు వెళ్ళిపోయినందుకు కాదు. ఇరవై ఆరేళ్ళ పొద్దులు ఒక్కొక్కటే కళ్ళ ముందుకి వచ్చాయి. ప్రతి పొద్దునా నన్ను నేను ఎంత శుభ్రంగా తుడిచేశాను.

తెల్లారింది. లేచాను. దుప్పటి సగం నేల మీద ఉంది. తలగడ మీద నా తల పెట్టిన చోట గుంట, దాని పక్కన తడి, ఒక తెల్ల వెంట్రుక. చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. వాటిని వెనక్కి లాక్కుని, తొడల కింద పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నాను. దుప్పటి వైపు చూడకుండా ఉండటం ఏ పనికన్నా కష్టమైంది.

ఏడింటికి తలుపు చప్పుడైంది. గదులు చూసే పెద్దావిడ లోపలికి వచ్చి మంచాన్ని, నన్ను చూసింది. చీటీ మీద ఒక గీత పెట్టుకుంది. తర్వాత వంగి, దుప్పటి అందుకోబోయింది.

"సర్దేయనా అమ్మా?"

"కాసేపు ఉండనివ్వండి" అన్నాను. "నేను ఇంకా చూసుకోలేదు."