బేసిన్ లేని ఇల్లు

ఆరు ఇడ్లీలు తిని, పచ్చడి గిన్నె వేలితో తుడిచి నాకి, గ్లాసులో మిగిలిన నీళ్ళు కంచంలో వంచుకుని అందులోనే చెయ్యి కడుక్కుని, "అయ్యింది" అన్నాడు క్రాంతికుమార్.

"అయ్యింది" అంటే తినడం అయిందని కాదు, వచ్చి కంచం తియ్యమని. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం అదేనని కరుణ కాపురానికి వచ్చిన మొదటిరోజే నేర్చుకుంది. తెల్లటి నీళ్ళలో కరివేపాకు రెబ్బ, నమిలి ఊసిన మిరపతొక్క, నానిన ఇడ్లీ తునకలు తేలుతున్నాయి. తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని వంటింట్లోకి నడిచేసరికి, ఎంత జాగ్రత్తపడినా బొటనవేలు ఆ నీళ్ళలో మునగనే మునిగింది. పదేళ్ళుగా రోజుకి మూడుసార్లు మునుగుతూనే ఉంది. అలవాటైపోతుందిలే అన్నారు అందరూ. చంటిపిల్లాడి గుడ్డలు ఉతకడం అలవాటైంది, తను పాఠాలు చెప్పే బడిలో పిల్లల వాంతులు కడగడం అలవాటైంది, ఇదొక్కటే కాలేదు. భోజనాల బల్లకి నాలుగడుగుల దూరంలో వాష్ బేసిన్ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు ఆమె పట్టుబట్టి పెట్టించింది. ఇప్పుడు దానిమీద దువ్వెనలూ ఆయన షేవింగు సామానూ కాపురముంటున్నాయి.

కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి కంచం పట్టుకునే వాంతి చేసుకుంది. "ఏవండీ, బేసిన్‌లో కడుక్కోకూడదా?" అని అడిగితే ఆయన పకపకా నవ్వాడు. "నా ఎంగిలి నీకు రోతా? ముద్దు పెట్టుకున్నప్పుడు లేదే!" అన్నాడు. అత్తగారు ఎలీసమ్మ నవ్వలేదు. "మొగుడి ఎంగిలి అసయ్యించుకోకూడదమ్మా. మీ మావయ్యగారి కంచం ఇన్నేళ్ళు ఎత్తేను, ఏనాడైనా మొహం చిట్లించేనా?" అంది.

ఆ మావయ్యగారు సాలమోను మేష్టారు పోయి నాలుగేళ్ళయింది. ఆయనంటే ఊరంతటికీ గౌరవం. "మా తాత రైతుల ఇళ్ళల్లో ఎంగిలాకులు ఎత్తేవాడమ్మా. మా నాన్న పలక పట్టేడు. ఆ రోజుతో మా వంశంలో ఎంగిలెత్తే పని పోయింది" అని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. కరుణకి ఒళ్ళు పులకరించింది, తన తాతల కథ కూడా అదే మరి. పెళ్ళైన మూడోనాడు భోజనాల దగ్గర ఆ కథే మళ్ళీ చెప్పి, కళ్ళు తుడుచుకుని, కంచంలో చెయ్యి కడుక్కుని, "అయ్యిందే" అన్నారు ఎలీసమ్మతో. వంశంలో ఆడవాళ్ళని లెక్కెయ్యలేదు కాబోలు.

బయట పల్లకీ మోత, ఇంట ఈగల మోత అంటారు. కరుణ టీచరుగారికి బడిలో పల్లకీ ఉందో లేదో గాని, ఇంట్లో ఈగలు మాత్రం నిజం ఈగలే. వాటిని తోలుకుంటూ పదేళ్ళు గడిపింది, ఒక్క ఆశతో. ఎనిమిదేళ్ళ కొడుకు శామ్యూల్ ఇలా కాడు. వాడు తన చేతుల్లో పెరుగుతున్నాడు.

దసరా సెలవులు కావడంతో వరండా నిండా అట్టపెట్టెలు. మందుల షాపువీ, బిస్కట్లవీ, కొబ్బరినూనె డబ్బాలు వచ్చినవీ పోగుచేసి, మైదా ఉడికించి జిగురు చేసి, పిల్లల చేత బుల్లి ఊరు కట్టిస్తోంది. చీపురు పుల్లలు కిటికీ ఊచలయ్యాయి, కొబ్బరిపీచు పాక కప్పయింది. "బడిలో చాలక ఇంట్లో కూడా చెత్త పోగేస్తావేంటి? చూడ్డానికే రోతగా ఉంది" అనేసి క్రాంతికుమార్ బండి తీసి అంబాజీపేట వెళ్ళిపోయాడు. అట్టముక్కలు రోతట! కరుణకి నవ్వొచ్చింది గాని, అది నవ్వు కాదు.

శామ్యూల్ తమ ఇల్లే కట్టాడు. హాలూ, టీవీ, అగ్గిపెట్టెల మంచాలూ, మేడమీద సీసా మూతతో నీళ్ళ ట్యాంకూ, ఏదీ మరిచిపోలేదు. పక్కింటి చిట్టి వాళ్ళ ఇల్లు కట్టి, మాత్రలు వలిచేసిన అట్టలోంచి ఒక గుంట కత్తిరించి గోడకి అంటించింది. "ఇది బేసిన్ అండి టీచరండీ" అంది. తర్వాత శామ్యూల్ ఇంట్లోకి తొంగిచూసింది. "ఒరేయ్, మీ ఇంట్లో చేతులెక్కడ కడుక్కుంటార్రా? బేసిన్ ఏదీ?"

"మాకక్కర్లేదు. నాన్న కంచంలో కడుక్కుంటారు. అమ్మ తీసేస్తుంది. అమ్మ లేకపోతే నానమ్మ."

"మరి నీది?"

"ఇప్పుడు నాదీ అమ్మే. పెద్దయ్యేక నాకూ వస్తుంది కదా ఒకత్తి" అన్నాడు శామ్యూల్, కప్పుకి జిగురు రాసుకుంటూ.

"ఛీ! నేనైతే తియ్యను" అంది చిట్టి.

వాడి గొంతులో పొగరు లేదు. ఉంటే చెంపమీద ఒకటి వేసి ఊరుకునేది. రెండు రెళ్ళు నాలుగన్నట్టు చెప్పాడు. కరుణకి వాడిమీద కాదు, తనమీద తనకే అసహ్యం వేసింది. పదేళ్ళుగా నోరు మూసుకుని తను చేసింది కంచాలెత్తడం కాదు, వీడికి పాఠం చెప్పడం. ఏడేళ్ళ పిల్ల ఒక్క క్షణంలో అన్న "ఛీ" తనకి పదేళ్ళలో నోటికి రాలేదు. గుమ్మం దగ్గర కుర్చీలో ఎలీసమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతా వినే ఉంటుంది.

మధ్యాహ్నం చేపల పులుసు. తిరిగొచ్చిన క్రాంతికుమార్ ముళ్ళు కంచంలోకే ఊస్తూ తృప్తిగా తిన్నాడు. నీళ్ళు వంచుకుని చెయ్యి కడుక్కున్నాడు. "అయ్యింది."

కరుణ తన కంచంలో అన్నం వడ్డించుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"అయ్యిందంటున్నా."

"ఆయ్, విన్నానండి."

"మరి?"

"సింకులో పడేసి రండి. రేపట్నించి బేసిన్‌లో కడుక్కోండి. ఇంక నేను తియ్యను."

"పిల్లాడి ముందు ఏంటీ మాటలు?"

"పిల్లాడి ముందేనండి" అంది. ముద్ద కలుపుకుంది.

కంచంలో నీళ్ళు వంచుకోడానికి గ్లాసు ఎత్తబోయిన శామ్యూల్ తల్లి మొహం చూసి దింపేశాడు. లేచి, తన కంచం తీసుకుని వంటింట్లోకి నడిచాడు. క్రాంతికుమార్ కుర్చీ ధడాలున వెనక్కి తోసి హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టాడు. బల్లమీద పసుపుపచ్చ నీళ్ళలో ముళ్ళు తేలుతున్నాయి. ఈగలు చేరాయి.

"అమ్మా! ఆ కంచం కాస్త నువ్వు తీసెయ్యి" అని కేకేశాడు హాల్లోంచి.

బల్ల చివర కూర్చుని తింటున్న ఎలీసమ్మ బల్ల ఆసరాగా లేచింది. చెయ్యి దానంతటదే కంచం వైపు వెళ్ళింది. కరుణ ఆపలేదు, ఆపే ఓపిక లేదు. తలొంచుకుని ఉండిపోయింది. కంచం కదిలిన చప్పుడు మాత్రం వినపడలేదు. తలెత్తి చూస్తే ఎలీసమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుని ఉంది.

"నాకూ రోతేరా" అంది కొడుక్కి వినపడేలా. "మీ నాన్నదీ రోతగానే ఉండేది."