సంగటి మింగినట్టు

పాకాల చుట్టుపక్కల సుబ్బులమ్మ నోటికి జడవని మనిషి లేడు. లోకంలో మనుషులు రెండే రకాలని ఆమె లెక్క. ఒకరు సంగటి మింగేవాళ్లు, రెండోవాళ్లు నమిలేవాళ్లు. ఆ రెండో రకంతో ఆమె వియ్యమందదు. రాగి సంగటిని వేళ్లతో చిన్న ముద్ద చేసి, ఊరిబిండి పచ్చడిలో అద్ది, పంటికి తగలకుండా గుటుక్కున మింగాలి. అలా మింగడం చేతకాని కొత్త కోడళ్లను చూసి ఆమె మూతి మూడు వంకర్లు తిప్పేది. మనవరాలు తాయమ్మకు మాత్రం పాలపళ్లు ఊడకముందే ఆ విద్య పట్టుబడింది. అంతా నా పోలికే అని అవ్వ మురిసిపోయేది.

అవి యుద్ధం రోజులు. అంగళ్లలో సబ్బు దొరకడమే గగనమైపోతే, ఆమె కొడుకు మునెయ్య ఇంట్లోనే కాచుకుందామని కాస్టిక్ సోడా తెచ్చాడు. నీళ్లలో కరిగించి, పింగాణీ గిన్నెలో పోసి పక్కన పెట్టాడు. ఆడుకుని దాహంతో వచ్చిన తాయమ్మ దాన్ని మంచినీళ్లనుకుని ఒక గుక్క తాగేసింది. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. కానీ లోపలి పుండు మానేకొద్దీ పిల్ల అన్నవాహిక ముడుచుకుపోతూ వచ్చింది. మొదట సంగటి దిగలేదు, తర్వాత అన్నం దిగలేదు, చివరికి పాలు కూడా బొట్టు బొట్టుగా దిగే గతి పట్టింది.

రైలెక్కించి రాయవేలూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ పేరు శకుంతలమ్మ. ఆమె పిల్లకు మత్తిచ్చి, సన్నకడ్డీతో మొదలుపెట్టి కొంచెం కొంచెం లావుపాటివి దించి దారి వెడల్పు చేసింది. మెత్తటి తిండి తప్ప ఏదీ పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపింది. కొన్ని వారాలకే దారి మళ్లీ మూసుకుంది. మళ్లీ రైలు, మళ్లీ మత్తు, మళ్లీ కడ్డీలు. మునెయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సోడా తెచ్చింది తనేనని లోలోపల కుమిలిపోతూ, ఎవరేం అడిగినా నీళ్లు నమిలేవాడు.

ఒకసారైతే పిల్లకు గుక్కెడు నీళ్లు కూడా దిగలేదు. డాక్టరమ్మ గొట్టం దించి చూసి, పట్టకారుతో ఒక నల్లటి ముద్దను బయటికి లాగింది. దాన్ని గిన్నెలో వేసుకుని వరండాలోకి వచ్చింది.

"మెత్తటిది పెట్టమంటే ఏం పెట్టినావు పెద్దమ్మా?"

"సంగటి. దాని కంటే మెత్తంది యాడుండాది తల్లీ? పళ్లతో పనే లేదే."

"పిల్ల నమిలి తినలేదా?"

సుబ్బులమ్మ ఆమెను జాలిగా చూసింది. "సంగటిని ఎవురన్నా నమల్తారా?"

అరవదేశంలో అన్నం తిని పెరిగిన డాక్టరమ్మకు ఈ శాస్త్రం తెలియదు. ముందు నవ్వింది, తర్వాత బాగా చీవాట్లు పెట్టింది. చీవాట్లు సుబ్బులమ్మకు లెక్కలేదు. తను ముద్దుగా పెట్టిన ముద్దే పిల్ల గొంతుకు అడ్డం పడిందని తెలిశాకే ఆమె కూలబడింది. ఆ పూటంతా గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆనాటి నుంచి నర్సులు తాయమ్మను వదల్లేదు. ముద్ద ముద్దకూ నములు నములు అని పక్కనే కూర్చున్నారు. పిల్ల ఎంత బుద్ధిమంతురాలంటే గంజి కూడా నమిలేది, పాలు కూడా నమిలేది. వార్డంతా విరగబడి నవ్వుకున్నారు.

అయినా దారి మళ్లీ ఇరుకైంది. డాక్టరమ్మ తల్లీకొడుకులను కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. చెయ్యి కాలితే మానేటప్పుడు చర్మం బిగుసుకుని వేళ్లు వంకరపోతాయి కదా, లోపలా అదే జరుగుతున్నది. సంగటి ఆ ఇరుకులో ఇరుక్కుందే గానీ ఇరుకు చేసింది సంగటి కాదు. బిగుసుకోవడం ఆగేదాకా రోజూ సాగదీస్తూ ఉండాలి. దానికి పాదరసం నింపి మూసిన మెత్తటి రబ్బరు గొట్టం ఉంది. నిటారుగా కూర్చుని మింగితే దాని బరువుకే కిందికి దిగుతుంది. ఆసుపత్రిలో నేర్చుకుంటే ఇంటి దగ్గరే రోజూ మింగవచ్చు. పిల్లకు అది చేతకాకపోతే మాత్రం పొట్టకు రంధ్రం చేసి, పాలు నేరుగా అందులోకే పోయాలి.

ఆ చివరి మాటకు సుబ్బులమ్మ గుండె జారిపోయింది. నోరుండీ నోటితో తినలేని బతుకు తన మనవరాలికా?

తీరా గొట్టం నోట్లో పెడితే తాయమ్మ దాన్ని కసకసా నమిలింది. పాపం, నర్సులు నేర్పిన చదువే అది. నమలొద్దంటే వాంతి చేసుకుంది. గట్టిగా చెబితే పళ్లు బిగబట్టింది. చూడలేక మునెయ్య బయటికి పోయాడు. రోజూ ఇదే తంతు. రేపు కూడా మింగకపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పేసింది.

మర్నాడు పొద్దున తాయమ్మ గొట్టం చూడగానే మూతి బిగించింది. సుబ్బులమ్మ కొప్పు ముడి బిగించుకుని ముందుకొచ్చి, పెద్దవాళ్లు మింగే గొట్టం తనకొకటి ఇమ్మని అడిగింది. డాక్టరమ్మ ఆమె ముఖం వంక కాసేపు చూసి, ఉడకబెట్టిన గొట్టమొకటి తెప్పించింది. అవ్వ మనవరాలికి ఎదురుగా నిటారుగా కూర్చుంది.

"సూడు తాయీ, ఇది సంగటే అనుకో. పంటికి తగిలిందా, మన ఇంటి పరువు పోతాది."

తలెత్తి మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండు చేతులూ బల్లను గట్టిగా పట్టుకున్నాయి. అయినా ఉమ్మలేదు. గొట్టం కొస పెదవి మీద వేలాడుతుంటే, కళ్లెగరేసి పిల్లను చూసింది. వార్డులో వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు.

తాయమ్మ నోరు తెరుచుకుని చూసి, గుమ్మం దగ్గరున్న తండ్రి వైపు తిరిగింది. "నాయనా, అవ్వ నోరు మూతబడిపోయిందే."

మునెయ్యకు నవ్వాగలేదు, పిల్లకు అసలే ఆగలేదు. ఆ నవ్వులోనే తన గొట్టానికి తనే చెయ్యి చాచింది. ఏం చెయ్యాలో చెప్పడానికి అవ్వకు నోరు లేదు. గడ్డం ఇలా ఎత్తమని, గుటక ఇలా వెయ్యమని వేలితోనే చూపించింది. తాయమ్మ మింగింది. ఇరుకు దగ్గర గొట్టం ఆగింది, పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టింది. తాయమ్మ అవ్వ కళ్లలోకే చూస్తూ ఇంకో గుటక వేసింది. గొట్టం మెల్లగా జారి కిందికి దిగింది.

రోజూ ఇంత చక్కగా మింగితే కత్తితో పనిలేదని డాక్టరమ్మ చెప్పగానే మునెయ్య గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇద్దరి గొట్టాలూ బయటికి తీశారు. ఇక సుబ్బులమ్మ నోటికి పట్టపగ్గాలుండవని నర్సులు అనుకున్నారు. ఆమె మాత్రం అందరి ముందూ పిల్లను ఒళ్లోకి లాక్కుని భోరుమంది.

తాయమ్మ అవ్వ గడ్డం పట్టుకుంది. "ఏడ్సింది చాల్లే అవ్వా. నాకు ఆకలిగా ఉండాది."

ఆ సోడా తాగిన నాటి నుంచీ పిల్ల నోట ఆ మాట రాలేదు. తింటే నొప్పని ఆకలిని కూడా కడుపులోనే దాచుకునేది. సుబ్బులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, గంజి కోసం ఆసుపత్రి వంటింటి వైపు పరుగందుకుంది.