పటంలో చెరిపిన రెండు దేశాలు

1986 జనవరి చివరి వారంలో చెంగయ్య చిత్తూరులో బంగారుపాళ్యం బస్సెక్కాడు. చంకలో మందిరం నుంచి తెచ్చిన, చుట్టిన గుడ్డ పటం, చేతిసంచిలో కుంచెలు, తెల్ల రంగు డబ్బా, నల్ల రంగు డబ్బా ఉన్నాయి. పటం దిద్దాలి, తోటకు రమ్మని పాస్టరు ప్రేమానందం కబురు పెట్టాడు. పాస్టరుకు తోట ఉందని చెంగయ్యకు ఆ కబురుతోనే తెలిసింది.

పటం రాసింది చెంగయ్యే. అంగళ్ల బోర్డులు రాయడం అతని పని. ఐదేళ్ల కిందట పన్నెండడుగుల గుడ్డ మీద, దానియేలు ప్రవక్త చెప్పిన ప్రతిమను వేశాడు. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి నడుము, ఇనుప కాళ్లు. ఇనుమూ మట్టీ కలిసిన పది కాలివేళ్లంటే పది దేశాలని, పాత రోము రాజ్యం కడపట అలా లేస్తుందని పాస్టరు చెప్పాడు. ఐరోపా కూటమిలో అప్పటికి తొమ్మిది దేశాలుండేవి. 1981 జనవరి ఒకటిన గ్రీసు చేరింది. ఆ వారమే చెంగయ్య పదో వేలి కింద గ్రీసు అని రాశాడు. అడుగున గడి గీసి 1988 అని వేశాడు. పది నిండాక ఏడేళ్లకు లోకం అంతం అని పాస్టరు లెక్క.

మందిరంలో ఆ లెక్క అందరూ విన్నారు. చెంగయ్య నమ్మాడు.

ఐరాల దగ్గర అతనికి రెండెకరాల మెట్ట ఉంది. ఆ ఏడాదే భార్య దేవకమ్మ, ఆమె తమ్ముడు సుబ్బన్న కలిసి అందులో నూరు గుంతలు తవ్వారు. వానలు పడే ఆడి నెలలో నర్సరీ ట్రాక్టరు నూరు మామిడి అంట్లు తెచ్చింది. ప్రార్థన చేసేందుకు పిలిస్తే పాస్టరు కూడా వచ్చాడు.

"ఇవి కాపుకొచ్చేసరికి తినేదానికి ఎవురుంటారు బ్రదరు?" అన్నాడు పాస్టరు.

"ప్రభువు ముందరొస్తే కాయలు ఆయనకే ఇస్తాంలే బావా, నాటనీ," అన్నాడు సుబ్బన్న.

చెంగయ్య ట్రాక్టరును వెనక్కి పంపేశాడు. దేవకమ్మ నాలుగు దినాలు అతనితో మాట్లాడలేదు.

చెంగయ్య బస్సు దిగి వెళ్లేసరికి పాస్టరు తోటలో మామిడి చెట్లు పూత మీదున్నాయి. మొదళ్లు మోచేతి లావున్నాయి. కావలివాడు మునిరామయ్య పాదులు చేస్తున్నాడు.

"ఎన్నేండ్ల చెట్లప్పా ఇవి?"

"ఎనబై ఒకటి ఆడి నెలలో నాటినాం. గుంతలు మేం పదిమందిమి తవ్వినాం, ఒక దినంలో! ముందు దినం పొద్దుగూకేటప్పుడు ట్రాక్టరొచ్చి నిలబడిపోయింది. ఎవురో వద్దని తిప్పి పంపినారంట. అయ్యగారు వెంటబెట్టుకొని వచ్చినారు."

"ఎన్ని?"

"నూరు. ఒక్కటి గూడా సావలేదు."

పాస్టరు షెడ్డులో కూర్చుని ఉన్నాడు. పటం నేల మీద పరిపించాడు.

"ఈ నెల ఒకటిన స్పెయిను, పోర్చుగల్లు చేరినాయి. పన్నెండైనాయి."

"వేళ్లు పదే గదా అయ్యా."

"అందుకే పిలిపిస్తి. డెన్మార్కు, ఐర్లండు చెరుపు. అవి రోము రాజ్యంలో ఎప్పుడూ లేవు. వాటి తావులో ఈ రెండూ రాయి."

చెంగయ్య తెల్ల రంగు డబ్బా మూత తీశాడు.

"ఐదేండ్ల ముందర గూడా లేవు గదా?"

"అప్పుడు నాకంత వెలుగు రాలేదు బ్రదరు."

చెంగయ్య రెండు పేర్ల మీద తెల్ల రంగు పూశాడు. అది ఆరాక స్పెయిను, పోర్చుగల్లు రాశాడు. అక్షరాలు వంకర పోలేదు. తర్వాత పాస్టరు చూపిస్తే 1988 మీద కూడా తెల్ల రంగు పూశాడు.

"ఇప్పటి నుంచి ఏడేండ్లు. 1993 అని రాయి."

చెంగయ్య నల్ల రంగు డబ్బాకు మూత పెట్టాడు.

"నా అంట్లు మీరెందుకు నాటుకున్నారయ్యా?"

పాస్టరు కావలివాడి వైపు చూశాడు.

"ప్రభువు వచ్చే దాకా పని చేసుకోమనే గదా ఆయన చెప్పింది."

"ఆ మాట నాకు ఆ పొద్దు చెప్పలేదే."

పాస్టరు పటం చూస్తూ, "గడి ఖాళీగా ఉండాదే," అన్నాడు.

"రంగు ఆరాల."

"ఎంతసేపు?"

"మీ అంట్లు పూతకొచ్చినంతసేపు," అని చెంగయ్య సంచి తీసుకుని బయటికి నడిచాడు. కూలి అడగలేదు.

ఇంట్లో దేవకమ్మ చింతపండు గింజలు తీస్తోంది. చెంగయ్య ఆమె ఎదురుగా కూర్చుని తోట సంగతి చెప్పాడు. ఆమె చెయ్యి ఆగలేదు.

"సుబ్బన్న వాళ్లు నాటిన వారమే సూసొచ్చినాడు," అంది.

"నీకు తెలుసా? మరి నాకు చెప్పలేదేం మే?"

"చెప్పింటే ఎవుర్ని నమ్మింటావు? ఆయన్నా, నన్నా?"

చెంగయ్య లేచాడు. పెరట్లోకి వెళ్లి కుంచెలు కిరసనాయిలులో కడిగాడు. కడిగినాక లోపలికి తొంగిచూసి గడ్డపార ఎక్కడుందని అడిగాడు.

"ఐదేండ్లయింది. గుంతలు పూడిపోయుంటాయి," అంది దేవకమ్మ.

"నూరూనా?"

"నూరూ."