బాలమ్మ ముఖం

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి బడిలో డ్రాయింగు గది తాళం తీసిన ప్రేమమణికి ఈజిల్ మీద బాలమ్మ కనిపించింది గాని, బాలమ్మ ముఖం కనిపించలేదు.

ఆకుపచ్చ చీర అలాగే ఉంది. బొడ్లో దోపిన తాళంచెవుల గుత్తి ఉంది. పిల్లల మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి, ఆ చేతికి మట్టిగాజులు, అన్నీ ఉన్నాయి. నుదురూ కళ్ళూ ముక్కూ నోరూ ఉండాల్సిన చోట మాత్రం అరచెయ్యంత మరక. ఇటుక రంగు, బూడిద రంగు, కాస్త తెలుపు కలిసిపోయి, ఉడికీ ఉడకని జావలా ఉంది.

ప్రేమమణి అరవలేదు. భుజానికున్న సంచి తీసి బల్ల మీద పెట్టింది. గడియ చూసింది, కిటికీ చూసింది, పైకప్పు చూసింది. ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లలకు డ్రాయింగు నేర్పుతున్న మనిషి. చూడడమే ఆమె ఉద్యోగం. గడియ సరిగ్గా ఉంది. కిటికీ రెక్కలు లోపల్నుంచి బిగించి ఉన్నాయి. పైకప్పుకి చెమ్మ లేదు, గచ్చు పొడిగా ఉంది. శనివారం మధ్యాహ్నం తను తాళం వేసి యాప్రాల్‌లోని ఇంటికి వెళ్ళేటప్పటికి ఈ ముఖం నవ్వుతూ ఉంది. మూసిన గదిలో, ఒకటిన్నర రోజులో, మాయమైపోయింది.

గురువారం ఆ బొమ్మకు తెర తీయాలి.

బోయిగూడ సందులో ఉన్న ఆ మిషన్ బడికి బాలమ్మ ముప్ఫైయొక్క ఏళ్ళు ఆయాగా చేసింది. ఎల్.కె.జి.లో చేరిన ప్రతి పిల్లా మొదటిరోజు ఏడ్చింది ఆమె ఒళ్ళోనే. ఫిబ్రవరిలో ఆమె జ్వరంతో పోతే, ఆ బళ్ళో చదివి వెళ్ళిపోయిన ఆడపిల్లలు హెడ్‌మిస్ట్రెస్ ఎలీసబెతు గారి దగ్గరికొచ్చి, ఆయమ్మ బొమ్మ ఎల్.కె.జి. వరండాలో ఉండాల్సిందేనన్నారు. ఆమెకున్న ఫొటో ఒక్కటే, రేషన్ కార్డు మీద బొటనవేలంత. అందులో ఆమె ఎవరినో కోప్పడుతున్నట్టుంది. కాబట్టి బొమ్మ ప్రేమమణే వెయ్యాలి, జ్ఞాపకంలోంచి.

ఆ మాట ఏడాది ముందు అని ఉంటే ప్రేమమణి ఆ సాయంత్రమే మొదలుపెట్టేది. ఈసారి మాత్రం తన చేతుల వంక చూసుకుంది.

పద్నాలుగేళ్ళుగా ఆమె వాడింది అక్రిలిక్ రంగులే. బడి వరండాల నిండా ఆమె వేసిన చిలకలు, ఏనుగులు, నోవహు ఓడ. అక్రిలిక్ ఒకసారి ఆరిందంటే ప్లాస్టిక్కే, నీళ్ళు పోసినా పోదు. సుద్దపొడి పడితే శనివారం శనివారం తడిగుడ్డతో తుడిపిస్తే చాలు, చిలక మళ్ళీ పచ్చగా తేలేది. అంత నమ్మకమైన రంగు చివరికి ఆమె మీదే తిరగబడింది. మొదట వేళ్ళ సందుల్లో దురద. తర్వాత పగుళ్ళు. పోయిన డిసెంబరులో క్రిస్మస్ నాటకానికి తెర వేస్తూ ఉంటే కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ఆ రోజు ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించి ఆటో ఎక్కించింది బాలమ్మే.

చర్మం డాక్టరు ఆమె వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి, రెండు రోజులాగి విప్పి చూసి తేల్చాడు.

"రంగుతో పేచీ లేదమ్మా. ట్యూబులో రంగు చెడిపోకుండా ఒక మందు కలుపుతారు. అది మీ ఒంటికి పడదు. ఇక ముట్టుకోకండి. ఈసారి కళ్ళతో ఆగదు, గొంతు వాస్తుంది. చేతికి తొడుగులు వేసుకున్నా లాభం లేదు, గాలికి కూడా వస్తుంది మీకు."

"అయితే బొమ్మలు మానెయ్యమంటారా?"

"బొమ్మలు మానమన్లేదు. ట్యూబు మార్చమన్నాను."

మార్చిన ట్యూబు పేరు గ్వాష్, ఒక రకం నీళ్ళరంగు. మోండా మార్కెట్ దాటాక ఉన్న ఒక స్టేషనరీ షాపులో దొరికింది. ముందు డాక్టరుకి చూపించి, దాన్నీ వీపు మీద పెట్టించుకుని, ఏ దద్దురూ రాలేదని తేలాకే మూత తీసింది. రంగు బాగుంది. మెరుపు లేకుండా, వెల్వెట్ గుడ్డలా ఆరుతుంది. కాని మొండిఘటం. తడి మీద ఒకలా ఉంటుంది, ఆరాక ఇంకోలా ఉంటుంది. రెండో పూత వేస్తే, నీళ్ళు తగిలి కింది పూత నిద్ర లేచొచ్చి దాంట్లో కలుస్తుంది. తప్పు మీద రంగు పూసి దిద్దుకోవడం అలవాటైన చెయ్యి ఆమెది. ఇక్కడ ఆ వేషాలు సాగవు. ఆలోచన ముందే అయిపోవాలి, కుంచె ఒక్కసారే ఆనాలి.

నాలుగు నెలల్లో పదిహేడు కాగితాలు చింపింది.

"యాభై మూడేళ్ళకి మళ్ళీ ఎల్.కె.జి.లో చేరానండీ" అంది ఒకరోజు భర్త అబ్రహాంతో.

"ఏడిస్తే ఊరుకోబెట్టడానికి ఆయమ్మ కూడా లేదు, చూసుకో మరి" అన్నాడాయన పేపరులోంచి తలెత్తకుండా.

పద్దెనిమిదో కాగితం మీద, శనివారం పొద్దున్న, బాలమ్మ ముఖం ఒక్క ఊపులో దిగింది. ఒక పక్కకి వంగే ఆ నవ్వు, ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు, అన్నీ వచ్చేశాయి. ప్రేమమణి కుంచె కడిగి కూర్చుని చాలాసేపు చూసుకుంది. ఇంకా వెయ్యగలను అనుకుంది. గురువారం దాకా ఎవరికీ చూపించనంది, ముఖ్యంగా బాలమ్మ మొగుడికి.

ఇప్పుడు ఆ ముఖంతో పాటు, ఇంకా వెయ్యగలనన్న ఆ మాటా చెరిగిపోయింది.

ఆ గదికి రెండో తాళంచెవి ఉండేది జంగయ్య దగ్గర. బాలమ్మ మొగుడు అతనే. బడికి వాచ్‌మన్. గేటు పక్క గదిలో ఇప్పుడు ఒక్కడే ఉంటున్నాడు. ప్రేమమణి కబురు పెడితే వచ్చాడు గాని గుమ్మం దాటలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతులకు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"జంగయ్యా, శనివారం నేను వెళ్ళాక ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"బయటోళ్ళు ఎవ్వరు రాలే టీచరమ్మా. గేటు దాటి పురుగు సుత రాలే."

"నిన్నంతా వాన కదా, ఏ మూలైనా కురిసిందేమో?"

"వాన దంచింది గని, గీ గది కురవదమ్మా."

"మరి ఈ ముఖం ఏమైనట్టు?"

జంగయ్య ఈజిల్ వైపు చూడలేదు. కిందికి చూస్తున్నాడు. పెళ్ళాం ముఖం లేని బొమ్మ ముందు నిలబెట్టి అడిగితే ఏ మొగుడు మాత్రం ఏం చెబుతాడు? ప్రేమమణి నాలిక్కరుచుకుంది.

"పో జంగయ్యా, పోయి చాయ్ తాగు. నేను చూసుకుంటాలే."

ఎలీసబెతు గారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి, మరకని ఒకసారి, ప్రేమమణిని ఒకసారి చూశారు.

"పిల్లలెవరైనా..."

"గదికి తాళం ఉందండీ."

"మరింకెవరు? దెయ్యమని మాత్రం అనకు ప్రేమా. నేను పాస్టరు గారి అమ్మాయిని, నమ్మినా ఒప్పుకోలేను. పోనీ ఆ రేషన్ కార్డు ఫొటో పెద్దది చేయిద్దామా?"

"అందులో ఆవిడ కోప్పడుతోందండీ. ఎల్.కె.జి. పిల్లలు అటువైపు నడవడం మానేస్తారు."

మధ్యాహ్నం ఫ్రేముల బ్రహ్మచారి వచ్చాడు, కోసిన అద్దం గోనెగుడ్డలో చుట్టుకుని. బడిలో బొమ్మలన్నిటికీ ఫ్రేములు కట్టింది ఆయనే. మరక దగ్గర ముక్కు పెట్టి చూశాడు. వేలి కొన తడి చేసుకుని చీర అంచు మీద ఆనించాడు. వేలికి ఆకుపచ్చ అంటింది.

"గియి నీళ్ళరంగులు గదమ్మా. గాలిల తేమ తాగినయ్. పోయిన ఏడు ఒకాయన పాత దేవుని పటం తెచ్చిండు. వానకాలం తేమకు రంగంత పోయి అద్దానికి అంటుకున్నది. దేవునికే దిక్కు లేకుండె, ఇగ బాలమ్మ ఎంత?"

"అంటే అద్దం బిగించినా ఆగదంటావా?"

"మూసిన గదిలనే రెండు దినాలు ఆగలే. వరండాల ఏమాగుతది? మీ పాత రంగులే మంచిగుండె. పద్నాలుగేండ్లల్ల నేను కట్టిన ఫ్రేము ఒక్కటి సుత వాపస్ రాలే."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. లెక్క కుదిరినట్టే ఉంది. తాళం ఉంది, మనిషి రాలేదు, గది కురవలేదు, మిగిలింది గాలి. గాలికే కరిగిపోయే రంగుని అద్దం ఏం కాపాడుతుంది? ఒక్క ప్రశ్న మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. తేమకి ముఖం కరిగితే చీర ఎందుకు కరగలేదు? ముఖానికి రంగు చిక్కగా పెట్టానేమో, అందుకేలే అనుకుని ప్రేమమణి ఆ ముల్లు పీకి పారేసింది. తెలివైనవాళ్ళు చేసే తప్పే అది. జవాబు దొరికిందన్న తొందరలో ప్రశ్నని పారేస్తారు.

మంగళవారం ఆఖరి పీరియడు అయ్యాక ఆమె కొత్త కాగితం బిగించింది. జంగయ్యని పిలిచి బీరువా పైన ఉన్న అట్టపెట్టె దించమంది. పెట్టె మీద ఎర్ర సిరాతో "ముట్టుకోవద్దు" అని ఆమె రాతే ఉంది. దాన్ని మార్చిలో పైకెక్కించింది జంగయ్యే.

"గివే గదమ్మా మీకు పడనియి?"

"అవే."

"మల్లెందుకు దించుడు?"

"ఎల్లుండికి మీ ఆవిడ ముఖం నిలబడాలి కదయ్యా. ఆ కొత్త రంగు నిలబడలేదు. నాదే తప్పు, వయసొచ్చాక కొత్త రంగుల మోజేమిటి?"

"డాక్టర్ సాబ్ ఏమన్నడు?"

"డాక్టర్లు చాలా అంటారు. రెండు రోజులేగా."

"క్రిస్మస్ పండగప్పుడు ఒక్క దినమేనాయె. బాలి మిమ్మల్ని ఆటోల వేసుకపోయి వచ్చి, ఆ దినమంత బువ్వ తినలే."

ప్రేమమణి రబ్బరు తొడుగులు వేసుకుంది. కిటికీలు రెండూ బార్లా తెరిచింది. పెట్టెలోంచి తెల్లరంగు ట్యూబు తీసింది. ఎన్నాళ్ళనించో వాడకుండా ఉన్న మూత బిగుసుకుపోయింది. తొడుగు జారుతోంది. రెండుసార్లు తిప్పి చూసి, విసుగొచ్చి, కుడిచేతి తొడుగు పీకేసింది. వేళ్ళ సందుల్లో పాత పగుళ్ళ గుర్తులు ఇంకా గులాబీరంగులోనే ఉన్నాయి. ఆ వేళ్ళతో మూత పట్టుకుంది. మూత కిర్రుమంది.

జంగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆమె ముందు ఎన్నడూ కూర్చోని మనిషి, ఆమె చేతిలోంచి ట్యూబు లాక్కుని, గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. చొక్కా లోపలి జేబులోంచి ఒక పాలిథీన్ కవరు తీశాడు. అందులో మడతపెట్టిన పాత తెల్లగుడ్డ. మడత మీద ఇటుకరంగు ఎండి ఉంది.

"ఈ మూత తియ్యకుండ్రి టీచరమ్మా. మీ కొత్త రంగు తప్పేం లేదు. తేమ గాదు, గాలి గాదు, బ్రహ్మచారికేం తెల్వదు. నేనే. గురువారం దాకా ఎవ్వరికి చూపియ్యనన్నరు మీరు. నాకు ఆగబుద్ధి కాలే. శనివారం మీరు పోంగనే తాళం తీసిన. ఆమెను చూసిన. జెరసేపు నిలబడి ఊకె చూసిన. పక్కనే బోర్డాయె, ఆమె మీద సుద్దపొడి పడి ఉండె. మీరే చెప్పిండ్రు గద, తడిగుడ్డ పెట్టి తుడువు జంగయ్యా, ఏం గాదు అని. ఎన్నేండ్ల సంది చిలకలను తుడుస్తున్న, ఏనుగులను తుడుస్తున్న, ఏనాడన్న రంగు పోయిందా? కొత్త రంగు నీళ్ళకు పోతదని నాకెవ్వరు చెప్పలే. చీర కాడికెల్లి షురూ చేస్తే మంచిగుండు, జెర రంగు అంటంగనే ఆగుదును. గని మొగం మీద దుమ్ముండుడు నాకు మంచిగ అనిపియ్యలే. మెల్లగనే తుడిచినమ్మా, పండుకున్నోళ్ళ మొగం తుడిచినట్టు. ఒక్కపాలి గుండ్రంగ తిప్పిన, గంతే. గుడ్డ తీసి చూస్తే ఆమె లేదు. సోమవారం మీరడిగితే బయటోళ్ళు రాలేదన్న. అది అబద్ధం గాదు, గని నిజం సుత గాదు. నౌకరి పోతదని దాసిపెట్టలే. నా పెండ్లాం మొగం నేనే తుడిపేసిన అని ఏ నోటితోని చెప్పాలె? ఇయ్యాల మీ చేతులు చూసినంక ఇగ ఆగకపోతి. మీకు ఏమన్న అయితే బాలి నన్ను మంచిగ చూస్తదా? గా కొత్త రంగుతోనే మల్ల వెయ్యుండ్రి. మీద అద్దం పెట్టియ్యుండ్రి, నేను అద్దమే తుడుస్త. గీ గుడ్డ అప్పటిసంది నా జేబులనే ఉన్నది. ఉతుకుదామని నల్లా కాడికి రెండుపాలి పోయిన. చెయ్యి ఆడలే."