బుట్ట మీద కప్పిన ఆకు

మూడేళ్ల కిందట సేపిక్ నది ఒడ్డునున్న పుట్టింటికి వెళ్లి వస్తూ, రోసినా బుట్టెడు బతికున్న చేపలు తెచ్చుకుంది. ఎండకు చేప చావకుండా పైన తడి ఆకు కప్పడం ఆమె మెట్టినూరి సరస్సు ఒడ్డు ఆడవాళ్ల అలవాటు. ఆ రోజు కలువాకులు దొరక్క, నది మీద తేలుతూనే పెరిగే నూగాకును దోసెడు తీసి కప్పింది. ఇంటికొచ్చాక దాన్ని తన రేవులోనే దులిపేసింది. పచ్చగా బాగుందని మురిసిపోయింది కూడా. పాడు మురిపెం!

ఇప్పుడు సరస్సంతా జానెడు మందాన అదే ఆకు. కింద వెలుగు లేక కలువలూ అడుగు నాచూ కుళ్లిపోయాయి. చేపపిల్లలకు దాక్కునే చోటు లేదు, పెద్ద చేపలకు ఊపిరాడదు. పడవ కదలదు.

ఊరు మాత్రం ఆమె తోడికోడలు అగాటాను పట్టుకుంది. వల వేసే చోటు కోసం జరిగిన తగువులో, "నాకు దక్కని నీళ్లు ఎవరికీ దక్కవులే" అని నోరు జారింది పాపం. ఆ నోరే తగిలిందట. అమావాస్య దాటాక పుట్టింటికి పంపేయాలని పెద్దలు తేల్చారు. రోసినా తల వంచుకుని విన్నది. ఆకు తెచ్చింది తనేనని బయటపెట్టలేదు.

ఈ ఉదయం తోడికోడళ్లిద్దరూ సంతకు బయల్దేరుతుంటే, అగాటాయే నడుములోతు నీళ్లలో దిగి ఆకును చీలుస్తూ పడవకు దారి తీసింది. "కూర్చో అక్కా, నువ్వు తడవడం ఎందుకు?" అంది. రోసినా సిగ్గుతో ఆమె వైపు చూడలేక చేపల బుట్ట సర్దుకుంది.

చేపలిచ్చి సగ్గుపిండి పుచ్చుకునే సంత అది. కొండ మీది వేనామ్ ఏళ్ల తరబడి రోసినా చేపలే తీసుకుంటుంది.

"ఇవి చేపలా, గోటి ముక్కలా?" అని నవ్వి, సగ్గుపిండి ముద్ద మాత్రం నిండుగానే ఇచ్చింది. తర్వాత పడవ అంచుకు అంటుకున్న ఆకును గుప్పెడు తీసి తన బుట్ట మీద కప్పింది. "చల్లగా ఉందే! ఇంటికెళ్లి మా వాగులో వేస్తా."

రోసినా బుట్ట లాక్కుంది. "వద్దే! నేనూ ఇలాగే కప్పుకొచ్చా. మా నీళ్లను చంపింది నేనే. అగాటా కాదు."

సంతంతా అటు తిరిగింది.

అగాటా దగ్గరికొచ్చింది. "మూడేళ్లూ తెలుసా నీకు?"

"తెలుసు."

"వేనామ్ ఇది ముట్టుకోకపోతే, నన్ను పంపేసేదాకా చూస్తూ ఉండేదానివా?"

అబద్ధమాడదామనుకుంది. నోరు రాలేదు. "ఉండేదాన్ని."

అగాటా ఆ బుట్ట అందుకుంది. ఒక్క ఆకూ మిగలకుండా ఏరి, ఎండిపోయేలా బండ మీద పరిచింది. తిరుగు దారిలో పడవ ఆకులో చిక్కుకోగానే రోసినా నీళ్లలోకి దిగింది. అగాటా పడవలో కూర్చునే ఉంది, దిగొద్దని అనలేదు.