జపాన్ హోటల్లో బంతి భోజనం

నా కటింగ్ బల్ల కాళ్లు కోసిన మనిషితో నేను ఇంకా కాపురం చేస్తున్నానంటే, నా ఓపికకు మీరే ఒక దండం పెట్టాలి. అది టేకు బల్ల. మా నాన్న నర్సంపేట నుంచి ఎడ్లబండి మీద వేసుకొచ్చి ఇచ్చాడు. పద్నాలుగేళ్లుగా వరంగల్ స్టేషన్ రోడ్డు ఆడవాళ్ల జాకెట్లన్నీ దాని మీదే కత్తిరిస్తున్నాను. ఒకరోజు కూరగాయలకు పోయి వచ్చేసరికి మా ఆయన సారంగపాణి రంపం పట్టుకొని, చెమటలు కక్కుతూ నాలుగో కాలు దగ్గరున్నాడు. మిగతా మూడు కాళ్లూ గోడకు ఆనించి ఉన్నాయి.

"ఏం జేస్తానవయ్యా!" అని అరిచాను.

"జపాన్ల బల్లలు గింతే ఎత్తుంటయే," అని మోకాలి కిందికి చెయ్యి పెట్టి చూపించాడు. "కింద కూసోని తింటరు."

"జపాన్ల తింటరు. మనం వరంగల్ల ఉన్నం!"

"హోటల్ పెట్టినంక మనకాడ గూడ తింటరు. ఫికర్ జెయ్యకు."

ఆయన బొంబాయిలో ఎనిమిదేళ్లున్నాడు. ఆరేళ్లు బట్టల మిల్లులో, మిల్లు బందయ్యాక రెండేళ్లు జపాన్ వంటలు చేసే ఒక పెద్ద హోటల్లో. ఎనభై మూడు దసరాకు ఇంటికొచ్చాడు. ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల దగ్గర పని ఇప్పిస్తానని మా అన్న వెంకట్రాజం అంటే, మిర్చి ఘాటుకు తుమ్ములొస్తాయని పోలేదు. హోటలే పెడతానని మొండికేశాడు. మా ఇంట్లో రోడ్డు వైపున్నది ఒక్కటే గది, అందులో నా కుట్టుమిషను. శూన్యమాసంలో పెళ్లిళ్లుండవు, జాకెట్లూ ఉండవు. పోనీలే పాపమని ఆ నెల రోజులకు గది ఇచ్చాను. అదీ గట్టిగా మాట తీసుకొని.

"మాఘం మొదటి రోజు పొద్దుగాల నా మిషన్ ఈ అర్రల, ఈ కిటికి కింద ఉండాలె. అటు పెండ్లిళ్లు, ఇటు మేడారం జాతర. కిటికి ఎలుతురు లేకుంటే నాకు సూదిల దారం ఎక్కదు. అప్పటిదాంక నీ హోటల్ నడిచిందా, వేరే జాగ చూసుకో. నడవలేదా, మిర్చి బస్తాలే."

"నీ మీద ఒట్టు," అన్నాడు, నా నెత్తిన చెయ్యి పెట్టి. నా నెత్తే దొరికింది ఆయనకు.

మిషను వంటింట్లోకి పోయింది, బియ్యం డబ్బాకూ పొయ్యికీ మధ్యకు. తెల్ల జాకెట్టు ఒకటి కుడుతుంటే పసుపు డబ్బా దాని మీదే పడింది. ఆ రోజు నేను జపాన్ దేశాన్ని తిట్టిన తిట్లు రాస్తే బాగుండదు.

బోర్డు రాయడానికి పెయింటర్ ఎల్లస్వామి వచ్చి, ఏమేం దొరుకుతాయని అడిగాడు. మా ఆయన చెప్పింది చెప్పినట్టు ఎర్ర రంగుతో రాసిపోయాడు: 'జపాన్ హోటల్. పచ్చి చేప. కాల్చిన కోడి.' సైకిళ్లు ఆపి మరీ చదివి నవ్వారు జనం. నా ఇంట్లోకి నేనే కొంగు కప్పుకొని పోవాల్సి వచ్చింది.

"పచ్చి చేప ఎవరు తింటరయ్యా, కొంగలా?" అని నిలదీశాను. మన చెరువు చేప పొయ్యి మొహం చూడకుండా నా గడప దాటడానికి వీల్లేదన్నాను. రెండు రోజులు అలిగి, చివరికి ఒప్పుకున్నాడు. అన్నంలో పుల్లటి సిర్కా, కొంచెం చక్కెర కలిపి, చేతులు తడి చేసుకొని, బొటనవేలంత ముద్దలు చేసి, ఒక్కో ముద్ద మీద కొరమీను ముక్క ఒకటి పెట్టేవాడు. దాన్ని సుషీ అంటారట. ఉన్నమాట చెప్పాలి కదా, చూడ్డానికి ముచ్చటగానే ఉండేవి. ఇక కోడి ముక్కలైతే వెదురు పుల్లలకు గుచ్చి, బొగ్గుల కుంపటి మీద తిప్పుతూ, బెల్లమూ అల్లమూ బొంబాయి నుంచి తెచ్చిన నల్ల సాసూ కలిపి పూసేవాడు. ఆ వాసన రోడ్డెక్కితే స్టేషన్‌కు పోయేవాళ్లు రైలు సంగతి మరిచి ఆగేవాళ్లు.

మొదటి సాయంత్రం ఎనిమిది మంది వచ్చారు. ఎదురు సందులో కట్టెల అడితి కొమురెల్లి, వాళ్లమ్మ సమ్మమ్మ, పక్కింటి కట్టమ్మ, ఆమె చుట్టాలు. చెప్పులు బయట విడవమన్నాడు మా ఆయన. విడిచారు. కాళ్లకు నీళ్లిచ్చాడు. కడుక్కున్నారు. చాపలు పరిచి, కాళ్లు తెగిన నా బల్ల వెనక వరసగా కూర్చోబెట్టాడు. ఇంక మనవాళ్లు ఏమనుకుంటారు? మీరే చెప్పండి!

"వదినా," అని కొమురెల్లి నన్ను మెల్లగా పిలిచాడు. "శూన్యమాసంల ఏం కార్యమే?"

నేను నోరు తెరిచే లోపలే మా ఆయన రెండు సుషీలు చేసి కొమురెల్లి ముందు పెట్టి, "తినరాదు," అన్నాడు. కొమురెల్లి ముట్టలేదు. బంతిలో అందరికీ వడ్డన కాకుండా ఎవరు ముట్టుకుంటారు? ఈయనేమో ఒక్కొక్కరికీ అప్పటికప్పుడు చేసి పెడుతున్నాడు. ఎనిమిదో విస్తరికి వచ్చేసరికి మొదటి విస్తరిలో చేప మీద రెండు ఈగలు వాలాయి. పుల్లల మీద కోడి చల్లారిపోయింది. అప్పుడు అందరూ సమ్మమ్మ వైపు చూశారు. ఆమె చెయ్యి పెట్టింది, అందరూ పెట్టారు.

తినడం అందరికీ చిటికెలో అయిపోయింది. కానీ బంతిలో పెద్ద లేవకుండా ఎవరూ లేవరు కదా. సమ్మమ్మకు డెబ్బై దాటాయి, నోట్లో నాలుగు పళ్లున్నాయి. ఆమె ఆ ఒక్క కోడి ముక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు, ఆ దవడ నుంచి ఈ దవడకు తిప్పుతూనే ఉంది. ఏడుగురూ ఎండిన చేతులతో కూర్చున్నారు. వాకిట్లో ఇంకో పది మంది చూసి చూసి, పక్కనే ఉన్న అబ్బాస్ బండి దగ్గరికి పోయి, నిలబడి మటన్ సీకులు తిని, ఇళ్లకు పోయారు.

"సారంగం, జర చారు పొయ్యి బిడ్డా," అంది సమ్మమ్మ.

జపాన్లో చారు లేదు. వంటింట్లోకి ఉరికి మా ఇంటి చారు తెచ్చాను. తర్వాత పెరుగు అడిగింది. అదీ తెచ్చాను. అంతా చేతులు కడుక్కున్నాక కట్టమ్మ నాకు బొట్టు పెట్టి, చేతిలో జాకెట్టు ముక్క ఒకటి, స్టీలు గ్లాసు ఒకటి పెట్టి, "సల్లగుండుండ్రి," అంది. పైసల మాట ఎవరూ ఎత్తలేదు. అడగడానికి మా ఆయనకు మొహం చెల్లలేదు.

"పులిహోర మంచిగున్నది గని పోపు మరిచిండ్రు," అని గుమ్మంలో నిలబడి చెప్పిపోయాడు కొమురెల్లి.

నేను పొట్ట పట్టుకొని నవ్వాను. ఆయన నవ్వలేదు.

రోజూ ఇదే వరస. పన్నెండు రోజుల్లో ఆరు గ్లాసులు, తొమ్మిది జాకెట్టు ముక్కలు, ఒక రాధాకృష్ణుల పటం వచ్చాయి. రాని దాని సంగతి చెప్పక్కర్లేదు. మాఘం ఇక మూడు రోజులుందనగా అబ్బాస్ నిప్పు కోసం వచ్చి, కుంపటి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"సారంగన్నా, నీ కోడి ఫస్టు క్లాసుంటది. గని నువ్వు కూసోబెడతానవ్. కూసోబెడితే దావత్ అనుకుంటరు. కుంపటి అరుగు మీదికి తే. నిలవడి తిన్నోడు పైసలిచ్చే పోతడు. నా బండి పక్కకే పెట్టు, నాది మటన్, నీది కోడి. నాకేం ఫరక్ పడది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. గదీ వస్తుంది, హోటలూ నడుస్తుంది. ఇంకేం కావాలి? ఈ పెద్దమనిషి మాత్రం, "నిలవెట్టి పెట్టను," అని లోపలికి వెళ్లిపోయాడు. నాకు మండిపోయింది. వెనకే వెళ్లాను.

"ఏం రోగమయ్యా నీకు? నీ మంచికే గద చెప్తాండు!"

ఆయన చాప అంచు సరిచేస్తూ కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"ఎనిమిదేండ్లు నేను కూసోని తినలేదే," అన్నాడు. "మిల్లుల బట్ట నేసే సాంచె కాడ నిలవడి తిన్న. హోటల్ల బొగ్గులు రాజేసి, గిన్నెలు తోమెటోన్ని. పర్దా సందుల నుంచి చూసేటోన్ని. వంటాయన ఒక్క ముద్ద చేసి, ఒక్క మనిషి ముందల పెట్టి, ఆ మనిషి మొకమే చూసేటోడు. తిన్నంకనే ఇంకో ముద్ద. గంత మర్యాద నేనెన్నడు చూడలే. మేమేమో ఎనుక తలుపు కాడ నిలవడి మిగిలింది మింగేటోళ్లం."

"అయితే గా సుషీ..."

"నేను తినలే. అది మాదాంక మిగిలేది కాదు."

"మరి గిక్కడ రోజు చేస్తానవ్ గద! ఎట్లుందో చూసెటందుకన్న ఒక్కటి తినలేదా?"

"పెట్టెటోడు ఎట్ల తింటడే, బంతి లేవకముందే?"

తిట్టడానికి నోటినిండా మాటలు పెట్టుకొని వచ్చినదాన్ని, చాప మీద ఆయన పక్కనే కూలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. మొదటి రోజు పొట్ట పట్టుకొని నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ముక్కు చీది, పొగ ఎక్కువైందని చెప్పి లేచిపోయాను.

మాఘానికి ముందు రోజు పొద్దున నేనేమీ అనకముందే ఆయన చాపలు చుట్టాడు. మిషను మోసుకొచ్చి కిటికీ కింద పెట్టాడు. బల్లను గోడకు నిలబెట్టి, కుంపటి అరుగు మీదికి మార్చాడు. ఒట్టు వేసిన మాట నిలబెట్టుకున్నాడు. అబ్బాస్ చెప్పినట్టే సాయంత్రం దీపాలు పెట్టకముందే జనం మూగారు. కొమురెల్లి నిలబడి మూడు పుల్లలు తిని, "ఎంతాయె అన్నా?" అని జేబులో చెయ్యి పెట్టాడు. ఆ మాట విని మిషను మీద నా కాలు ఆగిపోయింది. ఆయన పుల్లలు తిప్పుతున్నాడు, ఇస్తున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. ఎవరి మొహమూ చూసే తీరిక లేదు.

నా గది నాకొచ్చింది. అయినా కుట్టబుద్ధి కాలేదు.

లేచి, బల్లను కింద పడేసి, చాప పరిచి, రెండు విస్తర్లు వేశాను. పన్నెండు రోజులు చూసినదాన్నే కదా, సిర్కా కలిపి, చేతులు తడి చేసుకొని ముద్దలు చేశాను. నా చేతికి ఉండ్రాళ్లే వచ్చాయి. చేప ముక్కలు జారిపోతుంటే వేలితో నొక్కి నిలబెట్టాను.

"ఓ జపాన్ సేటూ, జర లోపటికి రా!"

"గిరాకి ఉన్నదే."

"అబ్బాస్ చూస్తడు. రా అంటాన!"

వచ్చి, విస్తర్లు చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. కాళ్లకు నీళ్లిచ్చాను. కూర్చోబెట్టాను. ఒక్క ముద్ద ఆయన ముందు పెట్టి, ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. నోట్లో పెట్టుకొని నమిలాడు. చాలాసేపు నమిలాడు. నాకు భయమేసింది.

"ఎట్లున్నది?"

"పోపు లేదే," అన్నాడు.

ఇద్దరం ఒక్కసారే నవ్వాము. నవ్వుతూనే ఆయన మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. రెండో ముద్ద పెట్టి, నా విస్తరిలో వేసుకున్నవి నేనూ తినసాగాను. అంతలో అరుగు మీద నుంచి అబ్బాస్ కేకేశాడు.

"అన్నా, పుల్లలు అయిపోతానయ్! జల్ది రా!"

ఆయన నేల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

"కూసో!" అన్నాను. "బంతిల పెద్ద లేవకుంట లేస్తవా?"

"పెద్దెవరే గిక్కడ?"

"అర్ర నాది. బల్ల నాది. పెద్దను నేనే."

నా విస్తరిలో ఇంకొక్క ముద్దే మిగిలింది. నాకు పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి. అయినా ఆ సాయంత్రం దాన్ని సమ్మమ్మ తిన్నంత నిదానంగా తిన్నాను.