పేరుతోపాటు పోయిన డిజైన్లు

నేను ఒక గీతను. కాగితం మీద గీసింది కాదు. నల్గొండ జిల్లాలో ఒక చేనేత సంఘం కంప్యూటర్‌లో, సంఘం పనులు నడిపే అడ్మిన్ ప్యానెల్‌లో పుట్టాను. నా ఒక కొస 'నేతకారులు' అనే పట్టికకు, రెండో కొస 'డిజైన్లు' అనే పట్టికకు కట్టి ఉండేది. ఏ డిజైన్ ఎవరిదో చెప్పడం నా ఉద్యోగం.

నన్ను తయారుచేసింది హేమలత. నేత ఇంట్లో పుట్టి, వాళ్లింట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల. నన్ను గీసేటప్పుడు ప్యానెల్ ఆమెను రెండు ప్రశ్నలు అడిగింది. ఒక డిజైన్‌కు ఎందరు నేతకారులు? సంఘం పుస్తకంలో ఉన్నట్టే 'ఒక్కరు' అని పెట్టింది. నేతకారుడి పేరు తీసేస్తే అతని డిజైన్లను ఏం చేయాలి? 'వాటినీ తీసెయ్' అని టిక్కు పెట్టింది. పరీక్ష కోసం ఎక్కించిన దొంగ పేర్లను తుడిచినప్పుడల్లా వాటి డిజైన్లు మిగిలిపోయి విసిగించేవి మరి. పని అయ్యాక ఆ టిక్కు తీసేద్దామనుకుని మరచిపోయింది. నేను మరచిపోలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు. కానీ ఆ సాకు నాకే రుచించదు.

సభ్యులు గళ్ల కాగితాల మీద గీసిన డిజైన్లన్నీ ఫోటోలై లోపలికి వచ్చాయి. చిలువేరు మార్కండయ్యవి ముప్పై నాలుగు. ఆఫీసు మూలన పెట్టిన అసలు కాగితాలు వానకు నాని ముద్దయ్యాయి. ఫోటోలు ఉన్నాయి కదా అని ఎవరూ బాధపడలేదు. ఫోటోలకు వేరే నకలు తీసిపెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆ చలికాలం మార్కండయ్య పోయాడు. పోయినవాళ్ల పేరు మీద నూలు ఇవ్వకూడదన్నది సంఘం కట్టుబాటు. పదకొండో రోజు దాటాక గుమస్తా యాదగిరి ఆయన పేరు కొట్టేశాడు. 'దీనికి కట్టి ఉన్నవీ పోతాయి, సరేనా?' అంది ప్యానెల్. సరేనన్నాడు. ఆ పేరు వెంట ముప్పై నాలుగు డిజైన్లనూ నేనే లాక్కెళ్లాను. ఒక్కటీ జారిపోకుండా, అంత శ్రద్ధగా.

నెల తర్వాత ఆయన భార్య భారతమ్మ వచ్చింది.

"హేమా, మీ పెద్దనాయిన గీసిన తామరపూల గ్రాఫు తియ్యి బిడ్డా. మగ్గం మీదికి ఎక్కిస్త. చెయ్యి ఖాళీగుంటే పానం ఆగుతలేదు."

హేమలత వెతికింది. మళ్లీ వెతికింది. ఆయన డిజైన్లు ఒక్కటీ లేవు. యాదగిరిని అడిగింది.

"నేను పేరొక్కటే తీసిన," అన్నాడు యాదగిరి. "అదేదో అడిగితే అవునన్న. అది రోజూ అడుగుతనే ఉంటది గదా!"

"ఆయన బతికున్నప్పుడు ఏదడిగినా నీ నోట్ల అవునన్న మాట రాకపాయె. ఇప్పుడే రావాల్నారా యాదగిరీ?" అంది భారతమ్మ.

"యాదగిరన్న తప్పు కాదు పెద్దమ్మా, నాది," అంది హేమలత ఏడుస్తూ.

భారతమ్మ బల్ల ముందు కూర్చుంది. తర్వాత గళ్ల కాగితం అడిగింది.

"గుర్తున్నయా పెద్దమ్మా?"

"గీసుడు ఆయన పని. రంగు అంటకుండ పోగుల మీద చిటికి ముళ్లు కట్టుడు నా పని. ఎక్కడెక్కడ ఎన్ని ముళ్లో నా వేళ్లకు ఎరుకే."

అప్పుడు తెలిసింది నాకు. డిజైన్‌కు ఒక్కరే అన్నదీ అబద్ధమే. నాకు ఇంకో కొస ఉండి, అది ఆమె పేరుకు కట్టి ఉంటే, ఆయన పేరు పోయినా డిజైన్లు ఆమె దగ్గర నిలిచేవి. ముప్పై ఏళ్లు ముళ్లు వేసిన మనిషి సంఘం పుస్తకంలో లేదు, నాలోనూ లేదు.

ఆమె వేళ్లు మడుస్తూ, విప్పుతూ పందొమ్మిది గీయించింది. పదిహేను గుర్తుకు రాలేదు.

హేమలత నన్ను తీసేసి కొత్త గీత గీసింది. ఇప్పుడు ఒక డిజైన్‌కు ఎందరైనా ఉండవచ్చు. మనిషి పోతే పేరు పక్కన ఒక గుర్తు పడుతుంది, డిజైన్ కదలదు. నేను పాత మార్పుల జాబితాలో ఒక వరుసనై పడి ఉన్నాను. అక్కడి నుంచి డిజైన్ల పట్టిక కనిపిస్తుంది. తామరపూల కింద రెండు పేర్లు: మార్కండయ్య, భారతమ్మ. దాని తర్వాత పద్దెనిమిది. ఆ తర్వాత, అవే రెండు పేర్లతో, హేమలత పట్టుబట్టి తెరిచి ఉంచిన పదిహేను వరుసలు. బొమ్మ ఉండాల్సిన చోట తెల్లటి గడి. రోజూ లెక్కపెడతాను. ఇంకా పదిహేనే.